ఎండకు ఒక పీరియడు

మన సర్ఖని ప్రాంతమున దేనికి కొదువ యున్నను ఎండకు మాత్రము కొదువ లేదు. వాన ఒక ఏడు కురియును. ఒక ఏడు మొగము చాటు చేయును. ప్రత్తి ధర ఒక ఏడు పలుకును. మరుసటి ఏడు పడిపోవును. ఎండ మాత్రము ఏటేట తప్పక వచ్చుచునే యున్నది. అందుచేతనే కాబోలు, మన దృష్టిలో దానికి విలువ లేకపోయినది. పెరటి చెట్టు మందునకు పనికిరాదన్న సామెత ఎండ విషయమున అక్షరాల నిజమైనది. ఇంత ఎండలో బ్రతుకుచున్న మన బిడ్డలకే ఎండ చాలుట లేదని నేననిన, కొందరు నవ్వవచ్చును. నవ్విన వారు దయచేసి ఈ వ్యాసమును తుదివరకు చదివి, ఆ పిమ్మట తమ అభిప్రాయమును నిశ్చయించుకొనవలెనని నా మనవి.

నేను చెప్పదలచినది ఒక్కటే. బడి కాలపట్టికలో ఆరుబయటికి, ఎండకు ప్రతిదినము ఒక నియతమైన వేళ యుండవలెను. ఆ వేళను ఏ పాఠమునకును, ఏ పరీక్షకును అప్పగింపరాదు. ఇది క్రీడాభిమానుల కోరిక గాదు. ఆరోగ్యశాస్త్రము చెప్పుచున్న మాట. భాషను బోధించు నాకు ఈ విషయముతో పని యేమని అడుగవచ్చును. పద్యము చదువవలసిన కంఠము, పుస్తకము చూడవలసిన కన్ను, బల్లపై నిటారుగ కూర్చుండవలసిన వెన్నెముక శరీరమునకు చెందినవే గదా! అవి బాగుండినగాని నా పాఠము సాగదు.

మొదట లెక్కలను చూతము. భారత ప్రభుత్వము 2016 నుండి 2018 వరకు దేశమంతట సమగ్ర జాతీయ పోషకాహార సర్వే జరిపించినది. విటమిను డి లోపము 1 మొదలు 4 ఏండ్ల శిశువులలో నూటికి 14 మందికి, 5 మొదలు 9 ఏండ్ల పిల్లలలో నూటికి 18 మందికి, 10 మొదలు 19 ఏండ్ల వారిలో నూటికి 24 మందికి ఉన్నట్లు అందు తేలినది. ఈ మూడు సంఖ్యలను ఒకదాని ప్రక్క ఒకటి పెట్టి చూడుడు. వయసు పెరిగిన కొలది లోపమును పెరిగినది. వాకిట ప్రాకుచు ఆడుకొను శిశువు కంటె, బడిలో పై తరగతులు చదువు పిల్లవాడు ఈ విషయమున పేదవాడు. పెరుగుచున్న శరీరమునకు అవసరము హెచ్చుట ఒక కారణము కావచ్చును. పిల్లవాడు పెద్దవాడైన కొలది వాకిలి నుండి గదిలోనికి జరుగుచున్నాడనుటయు ఒక కారణమని నా నమ్మకము.

విటమిను డి అనగానేమి? తక్కిన విటమినులను మనము ఆహారమునుండి పొందుదుము. ఇది మాత్రము ముఖ్యముగ మన చర్మములోనే తయారగును. చర్మములో క్రొవ్వు జాతికి చెందిన ఒక పదార్థమున్నది. సూర్యకిరణములలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు ఆ పదార్థమును తాకినప్పుడు అది మార్పు చెంది విటమిను డి యగును. పిమ్మట కాలేయమును మూత్రపిండములును దానిని శరీరమునకు పనికివచ్చు రూపమునకు తెచ్చును. మనము తిన్న ఆహారములోని సున్నము, అనగా కాల్షియము, ప్రేవుల నుండి రక్తములోనికి చక్కగ చేరవలెనన్న ఇది కావలెను. ఇది లేనిచో పాలు త్రాగినను, ఆకుకూరలు తిన్నను అందలి కాల్షియములో అధికభాగము వృథా యగును. పసిపిల్లలలో ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరలు తిరుగు రికెట్సు వ్యాధియు, పెద్దలలో ఎముకలు నొప్పులు పెట్టి కండరములు సడలు వ్యాధియు దీని లోపము వలననే కలుగును. అయితే వంకర కాళ్ళన్నిటికి ఇదియే కారణమని తలపరాదు. త్రాగునీటిలో ఫ్లోరైడు హెచ్చిన చోటులలోను ఎముకలు వంగును. నల్లగొండ జిల్లా ప్రజలు అనుభవించిన బాధ అట్టిదే. కారణమును నిర్ణయించుట వైద్యుని పని.

ఈ సత్యము లోకమునకు ఒక్కనాట తెలియలేదు. పోలండు దేశపు వైద్యుడు స్న్యాదెట్స్కీ 1822లో, నగరములలో పెరిగిన పిల్లలకు వచ్చు రికెట్సు పల్లె పిల్లలకు అంతగా రాకుండుటను గమనించి, ఎండయే దీనికి మందని వ్రాసెను. అప్పట్లో దానిని పాటించినవారు తక్కువ. దాదాపు నూరేండ్ల తరువాత, 1919లో, బెర్లిన్ నగరమున హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు అతినీలలోహిత కిరణములనిచ్చు దీపము క్రింద పిల్లలను ఉంచి ఆ వ్యాధిని నయము చేసి చూపెను. 1921లో న్యూయార్కున హెస్ అను వైద్యుడు దీపము కూడ అక్కరలేదనియు, ఎండయే చాలుననియు నిరూపించెను. ఈ పరిశోధనల పరంపరకు చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు విండౌస్ 1928లో నోబెల్ బహుమానమును పొందెను.

ఈ చరిత్రలో మన మహారాష్ట్రకును ఒక చోటున్నది. ఆ రోజులలోనే, 1922లో, నాసిక్ ప్రాంతమున ఇద్దరు వైద్యులు తాము చూచిన విషయమును ప్రకటించిరి. కలిగిన కుటుంబములలో మంచి తిండి తినుచు పరదాల చాటున పెరిగిన వారిలో రికెట్సు కనబడినది. చాలీచాలని తిండి తినుచు పొలములలో పనిచేయు పేదవారిలో అది అంతగా కనబడలేదు. ధనము కొనలేని మందు పేదవాని వీపుపై ఉచితముగ కురియుచుండెనన్నమాట! నేటి పరదా గుడ్డతో చేసినది కాదు. మూసిన తలుపు, టెలివిజను, చేతిలోని ఫోను, సాయంకాలపు ట్యూషను: ఇవియే నేటి పరదాలు. అవి కలవారి ఇండ్లకే పరిమితములు కావు.

ఇక ఏ యెండ మంచిదను ప్రశ్న. మన భాషలో ఎండకున్నన్ని పేర్లు చూడుడు: నీరెండ, లేత యెండ, ముదురెండ, మండుటెండ. ఎండలన్నియు ఒకటి కావని మన పూర్వులకు తెలిసియుండుట వలననే ఇన్ని పేర్లు పుట్టినవి. పసిబిడ్డకు నూనె రాచి లేత యెండలో పడుకోబెట్టు ఆచారము మనకున్నది. రథసప్తమి నాడు జిల్లేడాకులు తలపై ఉంచుకొని స్నానము చేసి సూర్యుని పూజించు ఆచారమున్నది. ఆరోగ్యమును సూర్యుని వలన కోరవలెనని పెద్దలు చెప్పిరి. శ్రీకాకుళము చెంత అరసవిల్లిలోని సూర్యదేవాలయమునకు ఆరోగ్యము కోరి వచ్చు భక్తులు నేటికిని కలరు.

కాని ఒక విషయమున మన నమ్మకమును శాస్త్రముతో సరిచూచుకొనవలెను. తెల్లవారుజామున వచ్చు లేత యెండ మనసునకు, నిద్రకు మేలుచేయును గాని, విటమిను డి నిచ్చుటలో దాని పాలు చాల స్వల్పము. సూర్యుడు దిగంతమున నున్నప్పుడు కిరణములు వాతావరణములో ఏటవాలుగ చాల దూరము ప్రయాణము చేయవలెను. కావలసిన అతినీలలోహిత కిరణములు త్రోవలోనే ఇంకిపోవును. తిరుపతి పట్టణమున జరిగిన పరిశోధనలోను పగలు 11 మొదలు 2 గంటల నడుమనే చర్మమున ఈ తయారీ అధికముగ జరుగునని తేలినది.

దీనికి యంత్రమేమియు అక్కరలేని ఒక కొలత కలదు. ఆరుబయట నిలిచి మీ నీడను చూచుకొనుడు. నీడ మీ కంటె పొడవుగ నున్నచో ఆ యెండ విటమినునకు అంతగా పనికిరాదు. నీడ మీ కంటె పొట్టిగ నున్నచో పనికివచ్చును. మన ప్రాంతము భూమధ్యరేఖకు ఉత్తరమున 20 డిగ్రీలకు కొంచెము దిగువన నున్నది. కనుక డిసెంబరు 22 ప్రాంతమున, ఏడాదిలో సూర్యుడు మిక్కిలి వాలి నడచు దినములలో సైతము, నడిమధ్యాహ్నము మీటరు కర్ర నీడ సుమారు 94 సెంటీమీటర్లే యుండును. అనగా మనకు ఎండ అక్కరకు రాని మాసము ఏడాదిలో ఒక్కటియు లేదు. ఐరోపా ఉత్తర దేశములలో నెలల తరబడి ఈ భాగ్యము లేదు. అయితే చలికాలమున ఆ వేళ పన్నెండు గంటలకు అటునిటు కొద్దిసేపు మాత్రమే. ఏప్రిలు మాసమున ఉదయము తొమ్మిదింబావుకే నీడ మనకంటె పొట్టిదగును. మే మూడవ వారమున ఒక దినము నడినెత్తికి సూర్యుడు వచ్చి, నిలువు కర్రకు నీడయే లేకుండ పోవును. తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఏడాది పొడుగున వారమునకొకసారి మీటరు కర్ర నాటి ఈ నీడను కొలిచి వ్రాసినచో, భూగోళము, గణితము, ఆరోగ్యశాస్త్రము మూడును ఒక్క కర్రతో నేర్చుకొన్నవారగుదురు.

కిటికీ అద్దము గుండ వచ్చు ఎండ వెలుగునిచ్చును, వెచ్చదనమునిచ్చును గాని, విటమిను నీయదు; ఆ కిరణములను గాజు అడ్డగించును. మొగము, చేతులు, కాళ్ళు ఎండకు తగులవలెను. మన వంటి చామనచాయ శరీరులకు తెల్లని చర్మము వారికంటె ఎక్కువ సేపు కావలెను. చర్మమునకు వన్నె తెచ్చు పదార్థమే కిరణములను కొంత ఆపును. దినమునకు సుమారు అర్ధగంట సేపు ఆటపాటలలో గడిపిన చాలును. విటమిను తయారగుటకు చర్మము కమిలిపోవునంత సేపు నిలువనక్కరలేదు; కొంతసేపటికి చర్మము తనంతట తానే ఆ తయారీని నిలిపివేయును.

ఎండ ఒక్కటియే సర్వమును చేయునని కూడ నేను చెప్పుట లేదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ వారు పల్లెజనులను, పట్టణవాసులను పోల్చి చూచిరి. పొలములలో పనిచేయు పల్లెజనులలో విటమిను డి పట్టణవాసులకంటె మెరుగుగ నుండెను. కాని వారి ఆహారములో కాల్షియము చాల తక్కువ. ఎండ తాపీ పనివాని వంటిది. సున్నము లేనిదే అతడు గోడ కట్టలేడు. మన జొన్న రొట్టెతో పాటు పెరుగో, మజ్జిగయో, ఆకుకూరయో, నువ్వుల పొడియో పళ్ళెములో నుండవలెను. సంక్రాంతికి మరాఠీ పొరుగువారు మనకు పంచు నువ్వుల లడ్డు ఈ దృష్టితో చూచిన ఎంత యుక్తమైన కానుక!

ఎముకల మాట ఇట్లుండగా కన్నుల మాట మరియొకటి. దూరపు వస్తువులు మసకగ కనబడు హ్రస్వదృష్టి నేడు బడి పిల్లలలో లోకమంతట పెరుగుచున్నది. నల్లబల్ల కనబడక ముందు బెంచీకి జరుగు విద్యార్థులు ప్రతి తరగతిలోను కలరు. చైనా దేశపు గ్వాంగ్‌జౌ నగరమున కొన్ని బడులలో చిన్న తరగతుల పిల్లలను ప్రతిదినము అదనముగ 40 నిముషములు ఆరుబయట ఉంచి మూడేండ్లు పరీక్షించిరి. 2015లో ప్రకటించిన ఫలితములను బట్టి, అట్లు ఉంచిన బడులలో నూటికి 30 మందికి హ్రస్వదృష్టి క్రొత్తగ కలుగగా, ఉంచని బడులలో నూటికి 40 మందికి కలిగినది. తైవాను ప్రభుత్వము 2010 నుండి బడిపిల్లలు దినమునకు 120 నిముషములు ఆరుబయట గడుపవలెనని ప్రోత్సహించుచున్నది. 1987లో హైదరాబాదున స్థాపితమైన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వంటి సంస్థలును హ్రస్వదృష్టిపై కృషి చేయుచున్నవి. గదిలో వెలుతురు కొన్ని వందల లక్సులు మాత్రమే. నడిపగటి ఆరుబయట అది లక్ష వరకు పోవును. ఆ వెలుగు కంటిలోని పొరపై పనిచేసి, కనుగ్రుడ్డు మితిమీరి సాగకుండ కాపాడునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఇందులో మనకు అనుకూలమైన సంగతి యొకటి కలదు. కంటి కొరకు నేరుగ ఎండలోనే నిలువనక్కరలేదు; చెట్టు నీడలోని వెలుగు సైతము గది వెలుగునకు ఎన్నో రెట్లుండును. సూర్యుని వైపు మాత్రము ఎన్నడును చూడరాదు. గ్రహణ సమయమున అసలే చూడరాదు.

నిద్ర విషయము కూడ ఇట్టిదే. శరీరములో ఒక గడియారమున్నది. ఉదయపు వెలుగు దానిని ప్రతిదినము సరిచేయును. ఉదయము వెలుగు చూడక, రాత్రి ఫోను వెలుగులో మేల్కొను పిల్లవానికి ఆ గడియారము వెనుకబడును. అట్టివాడు మొదటి పీరియడులో ఆవులించిన, దోషము పాఠమునది కాదు.

ఇక ఆక్షేపణలకు వత్తును. మొదటిది వేడిమి. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునన్న సామెత మనవంటి ఊళ్ళను చూచి పుట్టినదే. వేసవిలో 43, 44 డిగ్రీల వేడిమి మనకు వింత కాదు. వడదెబ్బ ప్రాణములను తీయగలదు. కనుక మార్చి మాసము గడచిన పిమ్మట పది గంటల లోపుననే ఆరుబయటి పని ముగియవలెను. తలకు రుమాలు, త్రాగుటకు నీరు, ఇంటివద్ద మజ్జిగ తప్పనిసరి. తల తిరిగిన పిల్లవానిని వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, వైద్యుని చెంతకు గొనిపోవలెను. అయితే రెండు మూడు నెలల భయమును పండ్రెండు నెలలకు పూయుట న్యాయము కాదు. జూన్ మాసమున బడి తెరచినది మొదలు ఫిబ్రవరి వరకు మన యెండ మిత్రుడే.

రెండవ ఆక్షేపణ తల్లులది: ఆడపిల్ల నల్లబడునని. ఈ మాటను మృదువుగ చెప్పవలసిన అవసరము నాకు కనబడుట లేదు. ఈ లోపము బాలురకంటె బాలికలలో హెచ్చు. రేపు తల్లి కావలసినది ఆమెయే. గర్భమున శిశువు ఎముకలకు కావలసిన కాల్షియము ఆమె శరీరమునుండియే పోవలెను. తల్లికి విటమిను డి కొరవడిన పుట్టిన శిశువునకును అది కొరవడును. మేని చాయ కొరకు ఎముక బలమును అమ్ముకొను బేరము ఏ తల్లియు తెలిసి చేయదు. ఏడవ తరగతి దాటగానే ఆట స్థలమునుండి ఆడపిల్లలు గోడవారకు జరుగుట, పదవ తరగతి నాటికి గదిలోనే మిగిలిపోవుట మనము దినదినము చూచుచున్నదే. కబడ్డీ, ఖోఖో బాలురకు ఎంత అవసరమో బాలికలకు అంతకంటె ఎక్కువ అవసరము. వారికి వేరుగ వేళయు, తగిన చోటును కల్పించు బాధ్యత మనది.

మూడవ ఆక్షేపణ ఉపాధ్యాయులది, నా తోడివారిది; ఇదియే బలమైనది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు మన కిన్వట్ తాలూకా ఆదిలాబాదు జిల్లానుండి వేరై నాందేడు జిల్లాలో చేరినది. నాటినుండి సరిహద్దున నున్న తెలుగు బిడ్డకు భాషల భారము హెచ్చినది. ఇంట తెలుగు, అంగడిలోను కచేరీలోను మరాఠీ, వీనికి తోడు హిందీ, ఇంగ్లీషు. 2020లో చేసిన చట్టము వలన మహారాష్ట్రలోని బడులన్నిటిలోను మరాఠీ తప్పనిసరి యైనది. అది న్యాయమే, ఉన్న నేల భాష రానివాడు ఆ నేలపై నిలువలేడు. కాని నాలుగు భాషలు, గణితము, శాస్త్రములు ఒక దినములో ఇముడ్చుటకు మనము దేనిని కోయుచున్నాము? డ్రిల్లు పీరియడును. పాఠములు వెనుకబడినచో మొదట పోవునది అదియే. పరీక్ష దగ్గరపడినచో పూర్తిగ పోవునది అదియే. భాషలకు చెల్లింపవలసిన అప్పును మనము పిల్లల ఎముకలనుండి తీర్చుచున్నాము.

దీనికి నా సమాధానము భాషను తగ్గించుట కాదు, భాషను చెట్టు క్రిందికి తెచ్చుట. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన నాటినుండి నేటివరకు నేను నేర్చిన బోధనా పద్ధతులలో పద్యపఠనమునకు, ఉక్తలేఖనమునకు, సంభాషణకు, సామెతల చర్చకు నల్లబల్ల కావలెనని ఏదియు చెప్పలేదు. తెలుగు పీరియడులలో వారమునకు రెండు వేపచెట్టు క్రింద జరుపుటకు నేను సిద్ధముగ నున్నాను. తోడి ఉపాధ్యాయులును తమ పాఠములలో ఒక్కొక్కదానిని ఇట్లు ఎంచుకొన్నచో కన్నులకు కావలసిన వెలుగు పాఠము చెడకుండనే దొరకును. ఇది నూతన కల్పన కాదు. రవీంద్రుడు 1901లో శాంతినికేతనమున చెట్ల క్రిందనే బడి పెట్టెను. 1904లో బెర్లిన్ చెంత రోగులైన పిల్లలకొరకు అడవిలో బడిని తెరచిరి; 1907లో లండను నగరమును ఆ మార్గమునే పట్టినది. ఎండ కరువైన దేశములవారు ఎండను వెదకికొని బడులు కట్టిరి. మనము ఎండ నడుమ బడి కట్టి తలుపులు మూసికొందుమా?

ఎముకలకు కావలసిన ఎండకు మాత్రము డ్రిల్లు పీరియడే శరణ్యము. దానిని సాయంకాలపు చివరి గంటనుండి మధ్యాహ్న భోజనమునకు ముందునకు మార్చవలెను. ఆ వేళ నీడ పొట్టిగ నుండును. మన రాష్ట్రముననే ఔంధు సంస్థానాధిపతి భవాన్‌రావు పంత ప్రతినిధి గడచిన శతాబ్దపు తొలి దశాబ్దములలో తన సంస్థానపు బడులలో సూర్యనమస్కారములను ప్రవేశపెట్టెను. ఆయన దానిని ప్రధానముగ వ్యాయామముగనే ప్రచారము చేసెను. సూర్యనమస్కారములకు గాని, పరుగునకు గాని, ఖోఖోకు గాని ఖర్చు లేదు.

బలహీనత, ఎముకల నొప్పి, పిల్లల కాళ్ళ వంకర కనబడినచో తలిదండ్రులు వైద్యుని చూడవలెను. విటమిను డి మాత్రలు కలవు. కాని వానిని వైద్యుడు చెప్పినంతయే వాడవలెను. మితిమీరిన అవి కీడు చేయును. ఎండ ద్వారా తయారగు విటమిను మాత్రము శరీరము తన హద్దులోనే నిలుపుకొనును.

విద్యార్థులారా, మీకొక మాట. ఉచితముగ దొరకినదానిని చులకన చేయుట మానవ స్వభావము. రేపు మధ్యాహ్నము గంట మ్రోగగానే గోడనీడన ఫోను చుట్టు మూగక, మైదానములోనికి రండు. మీ నీడను మీరే త్రొక్కుచు ఆడుకొనుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ ఒడలిపై దుమ్ముతో ఇంటికి వచ్చిన దినమున కోపపడకుడు. ఉపాధ్యాయ మిత్రులారా, వచ్చు సంవత్సరపు కాలపట్టిక వ్రాయునప్పుడు మొదట డ్రిల్లు పీరియడును వ్రాసి, పిమ్మట తక్కిన గళ్ళను నింపుదము. పాఠము ఒక దినము తప్పిన మరునాడు చెప్పవచ్చును. ఎదుగు వయసులో గట్టిపడవలసిన ఎముకకు మరునాడు లేదు.